తీపి వేపకాయలు

"అమ్మా, ఇవి అచ్చం జపాన్ స్వీట్ల లెక్క ఉన్నయి!"

పోయిన దసరా సెలవుల్లో మా పాప అన్న మాట ఇది. జనగామ దగ్గర మా అమ్మమ్మవాళ్ల ఊళ్లో ఉన్నాం. ఆ రోజు వేపకాయల బతుకమ్మ. చిన్నమ్మ వసారాలో పీట వేసుకుని కూర్చుంది. ముందు పళ్లెంలో గోధుమరంగు పిండిముద్ద. గోరంత పిండి గిల్లడం, రెండువేళ్ల మధ్య ఒక్కసారి దొర్లించడం, చివర కొద్దిగా నొక్కడం... అంతే, వేపకాయ! చూస్తుండగానే పళ్లెం నిండిపోయింది. అన్నీ ఒకే సైజు. ఒక్కటి కూడా పెద్దదీ చిన్నదీ లేదు.

పాప సెల్‌ఫోన్‌లో జపాన్ మిఠాయిల వీడియోలు తెగ చూస్తుంది. అక్కడ ఒక పెద్దాయన చిన్న చెక్క పుల్లతో పిండిముద్ద మీద గీతలు గీస్తాడు. నిమిషంలో అది చామంతి పువ్వవుతుంది. మరో ముద్ద ఎర్రటి ఆకవుతుంది. "ఎట్ల తినబుద్దవుతదమ్మా వాళ్లకు?" అని ఆశ్చర్యపోతుంటుంది. ఇప్పుడు ఆ కళ్లే చిన్నమ్మ చేతివేళ్ల మీద పడ్డాయి.

"గా జపానోళ్లు కూడా వేపకాయలు చేస్తరా బిడ్డా?" అని అడిగింది చిన్నమ్మ, చెయ్యి ఆపకుండానే.

నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే కాస్త సిగ్గు కూడా వేసింది. ముప్పయ్యేళ్లుగా ఏటా ఆ పళ్లెం చూస్తూనే ఉన్నాను. ఏనాడూ అదొక పనితనమని నాకనిపించలేదు. ఎక్కడో జపాన్‌లో పెద్దాయన చేస్తే కళ... మా వసారాలో చిన్నమ్మ చేస్తే పండుగ పని. అంతేనా?

రోజుకో రుచి

భాద్రపద అమావాస్య... అదే, మన పెత్రమాస నాడు మొదలయ్యే బతుకమ్మకు తొమ్మిది రోజులూ తొమ్మిది పేర్లు. ఆ పేర్లలో ఎక్కువభాగం తిండి పేర్లే. మొదటిరోజు ఎంగిలిపూల బతుకమ్మ. నువ్వులూ బియ్యప్పిండో, నూకలో కలిపి నైవేద్యం పెడతారు. రెండోరోజు అటుకుల బతుకమ్మ, మూడోరోజు ముద్దపప్పు బతుకమ్మ, నాలుగోరోజు నానబియ్యం బతుకమ్మ... నానబెట్టిన బియ్యం, పాలు, బెల్లం. అయిదోరోజు అట్లు. ఆరోరోజు అమ్మ అలుగుతుంది. అలిగినవాళ్లు అన్నం తినరు కదా, ఆ రోజు నైవేద్యం లేదు. ఏడోరోజు వేపకాయలు, ఎనిమిదోరోజు నువ్వులు, బెల్లం, వెన్నతో వెన్నముద్దలు. తొమ్మిదోరోజు సద్దులు.

ఆరోరోజు ఖాళీగా ఉంచిన పళ్లెం చూస్తే నాకిప్పుడు ముచ్చటేస్తుంది. తినడానికే కాదు, తినకపోవడానికీ ఒక రోజు పెట్టుకున్నారు మనవాళ్లు.

ఇక ఏడోరోజు చేసే వేపకాయలు ఇంటింటికీ మారతాయి. కొన్ని ఇళ్లలో సకినాల పిండితోనే వాము, నువ్వులు వేసి ఉప్పగా చేస్తారు. మా ఇంట్లో తియ్యగా. నీళ్లలో బెల్లం కరిగించి, ఇసుక లేకుండా వడగట్టి, మరిగేటప్పుడు నువ్వులూ బియ్యప్పిండీ పోసి కలుపుతారు. మూతపెట్టి కాసేపు ఉంచి, గోరువెచ్చగా ఉన్నప్పుడే నూనె చేత్తో మర్దిస్తారు. చల్లారితే పిండి పగులుతుంది. బెల్లం ఎక్కువైతే నూనెలో విచ్చిపోతాయి. తక్కువైతే పళ్లకు పని. వేపపళ్లు చెట్టు మీద ఉండేది ఎండాకాలం చివర్లో. బతుకమ్మ నాటికి చెట్టున కాయ ఉండదు. పళ్లెంలో మాత్రం రాశి ఉంటుంది, అదీ తియ్యగా!

చెట్టును చూసి మిఠాయి

పాప అన్నమాట పట్టుకుని జపాన్ మిఠాయిల సంగతి కాస్త చదివాను. వాటిని అక్కడ 'వగాషి' అంటారు. పాలు, వెన్న, గుడ్లతో వాటికి పెద్దగా పనిలేదు. బియ్యప్పిండి, పప్పుగింజలు, చక్కెర... ఇవే ముఖ్యం. అజుకి అని చిన్న ఎర్ర గింజలుంటాయి. మన పెసర, మినుము, అలసందల కుటుంబానివే. వాటిని ఉడికించి, నూరి, చక్కెర వేసి దగ్గరికి ఉడికిస్తారు. అంటే ఏంటి? మన భక్ష్యాల్లో పెట్టే పూర్ణమే కదా! మనం శనగపప్పు, బెల్లం వాడతాం. వాళ్లు అజుకి, చక్కెర వాడతారు.

ఏడాది చివర్లో అక్కడ ఆవిరికి ఉడికిన జిగురుబియ్యాన్ని చెక్కరోట్లో పోసి పెద్ద సుత్తెల్లాంటి వాటితో దంచుతారు. ఒకరు దంచుతుంటే ఇంకొకరు మధ్యమధ్య చెయ్యిపెట్టి ముద్దను తిప్పుతుంటారు. మన ఇళ్లలో అత్తాకోడళ్లు చెరో రోకలీ పట్టుకుని పోటు మీద పోటు వేసిన రోజులు గుర్తున్నవాళ్లకు ఆ దృశ్యం కొత్తగా ఉండదు.

తేడా ఎక్కడంటే... వాళ్లు ఆ పనితనానికి పేరు పెట్టారు, పద్దు రాశారు, పరీక్ష పెట్టారు. వసంతంలో చెర్రీపువ్వు, ఆకులు రాలే కాలంలో ఎర్రబడిన మేపుల్ ఆకు... ఏ కాలానికి ఏ రూపమో, ఆ మిఠాయికి ఏ పేరో అన్నీ ఆలోచించి చేస్తారు. చేదుగా ఉండే పచ్చటి టీ తాగేముందు అతిథికి ఆ తీపి పెడతారు. క్యోటోలో 16వ శతాబ్దం నుంచి మిఠాయిలు చేస్తున్న 'తొరయ' అనే సంస్థ ఇప్పటికీ నడుస్తోంది. మిఠాయి పనివాళ్లకు ప్రభుత్వమే నైపుణ్య పరీక్షలు పెట్టి సర్టిఫికెట్ ఇస్తుంది. పేర్లున్న ఆ చేతిమిఠాయిల పనితనాన్ని 2022లో జపాన్ ప్రభుత్వం తమ సాంస్కృతిక సంపద జాబితాలో నమోదు చేసుకుంది. ఇంతచేసినా అక్కడా వారసులు దొరక్క చిన్న దుకాణాలు మూతపడుతూనే ఉన్నాయట. జాబితాలో రాసినంత మాత్రాన చేతిలోకి పని రాదు. కానీ రాయడం మొదలుపెడితేనే కదా, ఏం పోతోందో తెలిసేది!

మన సంగతి చూడండి. జనగామ పక్కనే పెంబర్తి. అక్కడి ఇత్తడి పనికి భౌగోళిక గుర్తింపు ఉంది. మిఠాయిల్లో తిరుపతి లడ్డూకు 2009లో, బందరు లడ్డూకు 2017లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో ఆ గుర్తింపు వచ్చింది. సంతోషమే. అయితే అవి గుడిలోనో, దుకాణంలోనో, ఒక ఊరి వ్యాపారంగానో నిలబడ్డవి. ఇంట్లోనే పుట్టి, ఇంట్లోనే పంచి, ఇంట్లోనే అయిపోయే వాటి మాటేమిటి? పెంబర్తి పళ్లేనికి గుర్తింపు ఉంది. అందులో పెట్టే వేపకాయకు లేదు.

ఆ ఏడు అరిసెలు రాలేదు

ఇదంతా నాకు ఊరికే తోచిన బాధ కాదు. మా ఇంట్లో ఒకసారి నిజంగానే పని పోయింది.

అమ్మమ్మ కాలం చేసి ఏడేళ్లవుతోంది. ఏడాదిపాటు పండుగల్లేవు. ఆ తర్వాత వచ్చిన సంక్రాంతికి అందరం ఊళ్లో కలిశాం. అరిసెలు చేద్దామనుకున్నాం. అమ్మ, చిన్నమ్మ, నేను, మా వదిన... నలుగురు ఆడవాళ్లం. అందరం అమ్మమ్మ పక్కన కూర్చుని లెక్కలేనన్నిసార్లు అరిసెలు వత్తినవాళ్లమే. కానీ పాకం? పాకం ఎప్పుడూ అమ్మమ్మే చూసేది. మేం పొయ్యి దగ్గరికి పోతే "దూరం జరుగుండ్రి, చిందుతది" అనేది.

కిలో బియ్యానికి ఎంత బెల్లం? అమ్మ ఒకటి చెప్పింది, చిన్నమ్మ ఒకటి చెప్పింది. చివరికి ఫోన్‌లో వీడియో పెట్టుకుని మొదలుపెట్టాం. మొదటి వాయి నూనెలో వేయగానే ఇసుకలా విడిపోయింది. పాకం లేతగా ఉందన్నారు. రెండోసారి ఇంకాసేపు మరగనిచ్చాం. ఈసారి అరిసెలు విడిపోలేదు. కానీ కొరికితే పన్ను విరిగేట్టున్నాయి. మా బాబాయి ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "వీటితోని బాయికి గోడ కట్టొచ్చు" అన్నాడు. అందరం పడీపడీ నవ్వాం.

నవ్వుతున్న అమ్మ ఉన్నట్టుండి కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. "ఉన్నన్ని రోజులు అడుగకపోతి. అమ్మ ఉంటది గదా అనుకుంటి" అంది.

ఆ పండుగకు జనగామ వెళ్లి అరిసెలు కొనుక్కొచ్చాం. బాగానే ఉన్నాయి. అయినా ఎవరం రెండోది తీసుకోలేదు.

పాకం చెప్పే మాట

మరుసటి రోజు చిన్నమ్మ ఊళ్లోనే ఉండే ఓ పెద్దమ్మను పిలుచుకొచ్చింది. డెబ్బయి దాటిన మనిషి. ఒకప్పుడు ఊళ్లో ఏ ఇంట పెండ్లి జరిగినా పాకం చూడటానికి ఆమెనే పిలిచేవారట. కూలి లేదు. పోయేటప్పుడు చేతిలో నాలుగు అరిసెలు, ఒక రవికెగుడ్డ. అంతే.

ఆమె వచ్చీ రాగానే ముందు పిండి చేతిలోకి తీసుకుంది. పిడికిలి బిగించి వదిలింది. "ఎండిపోయింది బిడ్డా, తడి లేదు. గిది కాదు" అంది. మా తప్పు పాకంలో కాదు, అంతకుముందే మొదలైందన్నమాట! బియ్యం నానాలి, నీళ్లు వంచాలి, బట్ట మీద కాసేపు ఆరాలి, తడిగా ఉండగానే దంచి జల్లించాలి. ఆ పిండి పిడికిట్లో పట్టుకుంటే ముద్దలా నిలవాలి. మేం మర పట్టించి, తెల్లారేదాకా పళ్లెంలో ఆరబెట్టి కూర్చున్నాం. అంతేకాదు, బియ్యం కొత్తవైతే పిండికి జిగురుంటుందట.

మళ్లీ బియ్యం నానబోశాం. తెల్లారి పొయ్యి ముట్టించాం. బెల్లం కరిగింది, వడగట్టాం, మళ్లీ పెట్టాం. మొదట పెద్దపెద్ద బుడగలు, తెల్లటి నురుగు. కాసేపటికి నురుగు దిగి, బుడగలు చిన్నవై దగ్గరపడ్డాయి. పెద్దమ్మ పక్కన చిన్నగిన్నెలో నీళ్లు పెట్టుకుంది. గంటెతో చుక్క తీసి నీళ్లలో వేసింది. అది పలచగా పరుచుకుంది. "ఇంక లేత." కాసేపాగి మళ్లీ వేసింది. ఈసారి చుక్క అడుగున నిలిచింది. వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ అయింది. వేలితో నొక్కితే అణిగింది. "దించుండ్రి. ఇప్పుడే. మాట్లాడకుండ్రి" అంది.

ఆ క్షణంలో నలుగురం ఊపిరి బిగబట్టాం. ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు ఆపకుండా తిప్పారు. ఆ తర్వాత నువ్వులు అద్ది, నూనె రాసిన ఆకు మీద వత్తి, మూకుట్లో వేసి, పొంగగానే తీసి, రెండు చెక్కల మధ్య నొక్కి నూనె దించారు. మొదటి అరిసె చల్లారేదాకా కూడా ఆగలేదు మా అమ్మ. కొరికి, నమిలి, ఏమీ అనకుండా రెండో ముక్క నా నోట్లో పెట్టింది.

ఇందులో మంత్రమేమీ లేదు. శాస్త్రమే ఉంది. పాకం మరిగేకొద్దీ నీరు ఆవిరై చక్కెర శాతం పెరుగుతుంది. అలా పెరిగేకొద్దీ మరిగే వేడీ పెరుగుతుంది. మెత్తటి ఉండ కట్టే దశ సుమారు 112 నుంచి 116 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర వస్తుంది. అంతకన్నా తక్కువుంటే పాకంలో నీళ్లెక్కువై పిండిని పట్టి ఉంచదు, నూనెలో విడిపోతుంది. దాటితే చల్లారాక రాయి. మధ్యలో ఉండేది కొద్ది నిమిషాలే. ప్రపంచంలో మిఠాయి చేసేవాళ్లు చాలామంది థర్మామీటరు రాకముందు ఈ నీళ్లగిన్నె పరీక్షను నమ్ముకున్నారు. లేతపాకం, తీగపాకం, ఉండపాకం, ముదురుపాకం... మన భాషలోని ఈ మాటలే మనవాళ్ల థర్మామీటరు. పలుకుతున్నంత కాలమే అది పనిచేస్తుంది.

పాలకుర్తి మా జనగామ జిల్లాలోదే. పాల్కురికి సోమన కావ్యాలను జల్లెడపట్టి ఆనాటి జనజీవితాన్ని సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో అక్షరబద్ధం చేశారు. 1949లో వచ్చిన పుస్తకం. పాత కావ్యాలు తిరగేస్తే మనవాళ్ల కట్టూబొట్టూ, తిండీతిప్పలూ తెలుస్తాయి. కానీ పాకం ఎప్పుడు దించాలో ఏ కవి చెబుతాడు? అది చెప్పాల్సింది పొయ్యి దగ్గరున్న మనిషే.

ఒకటే ముద్ద, వేర్వేరు పండుగలు

అరిసెలకు పాకం గండం ఉంది. అసలు పాకమే అక్కర్లేని తీపి కూడా మన దగ్గరుంది. మలీద. రొట్టెలు కాల్చి, వేడిమీద చేత్తో నలిపి, బెల్లం వేసి ముద్దకట్టడమే. సద్దుల బతుకమ్మ నాడు చెరువుగట్టున పంచే సత్తుపిండి పక్కన ఈ మలీదముద్దా ఉంటుంది. పల్లెల్లో పీర్ల పండుగ వస్తే పీర్లకు పెట్టేదీ మలీదే. హిందువులు, ముస్లింలు అన్న తేడా లేకుండా మొక్కుకుని మలీద తెస్తారు. ఆ మాట పారసీ భాష నుంచి వచ్చింది. నలిపినది అని అర్థం. పేరులోనే తయారీ ఉంది చూడండి!

జనగామ నుంచి మహబూబాబాద్ వైపు వెళ్తే లంబాడా తండాలు ఎక్కువ. శ్రావణమాసంలో అక్కడ తీజ్ పండుగ. పెళ్లికాని అమ్మాయిలు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచుతారు. అందులో ఢమోళీ అనే రోజున నైవేద్యం పెట్టేది 'చుర్మో'. ఏంటది? రొట్టెలు నలిపి, బెల్లం, నెయ్యి కలిపిన ముద్ద! బతుకమ్మ దగ్గర మలీద, పీర్ల దగ్గర మలీద, తీజ్‌లో చుర్మో. భాష వేరు, దేవుడు వేరు, పాట వేరు. చేతిలో ముద్ద ఒక్కటే.

దీనికి కొలతలు అక్కర్లేదు, నిజమే. పనితనం మాత్రం కావాలి. రొట్టె ఎంత కాలాలో, ఎంత వేడిమీద నలపాలో తెలియాలి. చల్లారితే నలగదు, మరీ పచ్చిగా ఉంటే పిండిపిండిగా అవుతుంది. చేయి కాలకుండా వేడిరొట్టె నలిపే ఒడుపు మా అమ్మకు ఉంది. నాకు లేదు.

బంగారమంటే బెల్లమే

ఇంకాస్త ముందుకు, అడవి వైపు వెళ్దాం. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారంలో సమ్మక్క-సారలమ్మ జాతర. 2016లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మేడారం భూపాలపల్లి జిల్లాలో ఉండేది. 2019లో ములుగు జిల్లా అయ్యాక అందులోకి వెళ్లింది. జిల్లా గీతలు మారినా మొక్కు మారలేదు. అక్కడ అమ్మలకు ఇచ్చే 'బంగారం' బెల్లమే. మొక్కుకున్న మనిషిని తక్కెట్లో కూర్చోబెట్టి ఎత్తుకు ఎత్తు బెల్లం తూచి సమర్పిస్తారు. తిరిగొచ్చాక చుట్టుపక్కల ఇళ్లకు చిన్నచిన్న ముక్కలు పంచుతారు. "బంగారం తెచ్చినం, తీసుకో" అంటూ అరచేతిలో పెట్టే ఆ ముక్కకు ఏ ఆకారమూ లేదు, ఏ హంగూ లేదు. అయినా కళ్లకద్దుకోకుండా నోట్లో వేసుకునేవాళ్లు లేరు.

అదే అడవిలో ఎండలు ముదిరే వేళ ఇప్పచెట్లు పూస్తాయి. తెల్లవారుజామున రాలిన పూలను గంపల్లోకి ఏరుకుని ఎండబెడతారు ఆదివాసీలు. పంచదార ఊసే తెలియని రోజుల నుంచీ అది వాళ్లింటి తీపి. బయటివాళ్లకు మాత్రం ఇప్పపువ్వంటే సారాయే గుర్తొచ్చేది. ఇప్పుడు ఆదిలాబాద్ వైపు ఆదివాసీ మహిళలు సంఘంగా ఏర్పడి ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. ఇంటి పనితనానికి మార్కెట్ దొరికితే ఏమవుతుందో చెప్పడానికి ఇదొక మంచి ఉదాహరణ. చేసేవాళ్ల పేరు మీదే సంఘం, చేసేవాళ్ల చేతికే డబ్బు.

చేతులు కాలిన సంగతి

ఇక్కడో మాట నిజాయితీగా చెప్పుకోవాలి. ఇదంతా రాస్తుంటే "పాతకాలమే మంచిది, ఇప్పటి ఆడపిల్లలకు ఏమీ రాదు" అనే ధోరణిలోకి జారిపోవడం చాలా తేలిక. నేను అటు పోదల్చుకోలేదు.

ఎందుకంటే అమ్మమ్మ ముంజేతి మీద నూనె చింది కాలిన మచ్చలు నాకు తెలుసు. సంక్రాంతి ముందు వారమంతా ఆమె నడుం వాల్చింది లేదు. పెండ్లి సారెకు ఇన్ని అరిసెలు, ఇన్ని సకినాలు అని లెక్కకట్టి పంపాల్సిందే. లెక్క తగ్గితే వియ్యంకులవారి మాటలు పడాల్సిందీ ఆమే. నాలుగు వేళ్లతో పిండి తిప్పుతూ నేలమీద బట్టపై సకినాలు చుట్టీ చుట్టీ రాత్రికి మోకాళ్లు పట్టేసేవి. ఆ కష్టాన్ని ఎవరూ పని అనలేదు. కళ అని అంతకన్నా అనలేదు. పండుగ అన్నారు, అంతే.

కాబట్టి మా తరం దాన్ని వదిలించుకుంటే తప్పుపట్టలేం. ఉద్యోగం చేసే ఆడమనిషి వారం రోజులు సెలవుపెట్టి పొయ్యి ముందు కూర్చోవాలని ఎవరూ అడగకూడదు. జనగామలోనూ, హనుమకొండలోనూ పిండివంటల దుకాణాలు పెరిగాయి. వాటిలో వంట చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. రవికెగుడ్డకు బదులు కూలీ దొరుకుతోంది. అమెరికాలో ఉన్న పిల్లలకు పార్శిళ్లు వెళ్తున్నాయి. ఇది చెడ్డ మార్పేమీ కాదు.

కానీ దుకాణంలో అమ్ముడుపోయేవే దుకాణంలో బతుకుతాయి. అరిసెలు, సకినాలు, గరిజెలు నిలవుంటాయి, డబ్బాలో కూర్చుంటాయి. తీపి వేపకాయల్ని ఎవరు ఆర్డరిస్తారు? ఏడాదికి ఒక్కరోజు చేసేవాటికి గిరాకీ ఎక్కడిది? అలిగిన రోజు ఖాళీ పళ్లేన్ని ఎవరు ప్యాక్ చేస్తారు? వీటికి ఇల్లే దిక్కు. ఇంట్లో ఒక్కరికైనా తెలిసి ఉండాలి. ఆ ఒక్కరు ఆడవాళ్లే కావాలని ఏ చెట్టు మీదా రాసిలేదు. ఆ వీడియోలో చామంతి పువ్వు చెక్కిన మనిషి మగవాడే కదా!

చెవితో చూసే పాకం

పోయిన దసరాకు మళ్లీ వస్తాను. పాప మాట విన్నాక నాకో ఆలోచన తట్టింది. పండుగైపోయాక ఒకరోజు ఆగి, పెద్దమ్మను మళ్లీ పిలిపించాం. ఇప్పుడు ఆమెకు కళ్లలో పొరలు. దగ్గరున్న మనిషే మసగ్గా కనిపిస్తుందట. "నాకేం కనబడ్తదని పిలిసిండ్రు?" అంటూనే వచ్చింది.

ఈసారి గంటె పట్టింది చిన్నమ్మ కొడుకు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వాడికి. "మగపోరనికి పాకమా?" అని బోసినోటితో నవ్వింది పెద్దమ్మ. "తినేటప్పుడు లేని సిగ్గు చేసేటప్పుడు ఎందుకు పెద్దమ్మా" అన్నాడు వాడు. నేను నోట్‌బుక్ తీశాను. బియ్యం తూచాం, బెల్లం తూచాం, గడియారం చూసుకున్నాం. పాప ఫోన్‌తో వీడియో పట్టింది. వాడు చుక్క తీసి నీళ్లలో వేయబోతుంటే పెద్దమ్మ చెయ్యి ఎత్తింది.

"ఆగు. ఇంక నీళ్ల సప్పుడే వస్తున్నది."

మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. నీళ్ల చప్పుడా? పొయ్యి దగ్గరికి వంగి విన్నాం. నిజమే... గలగలమంటోంది. మరికాసేపటికి ఆ గలగల మెల్లగా తగ్గి, బరువుగా, గుబగుబమని వినిపించడం మొదలైంది. కళ్లు మూసుకునే కూర్చుంది ఆమె. "ఇగ ఇప్పుడు జూడు" అంది. నీళ్లలో వేస్తే చుక్క ఉండకట్టింది!

ఏ వీడియోలోనూ ఎవరూ ఈ మాట చెప్పలేదు నాకు. నోట్‌బుక్‌లో రాసుకున్నాను... 'పాకం దగ్గరికి వచ్చేముందు చప్పుడు మారుతుంది.' మా ఇంట్లో అరిసెల గురించి రాతలోకి ఎక్కిన మొదటి వాక్యం అదే. దాని కింద రెండో పేజీలో తీపి వేపకాయల కొలతలున్నాయి. చిన్నమ్మ చేతి కొలతను గిన్నెల్లోకి, గిన్నెల్ని గ్రాముల్లోకి మార్చడానికి మాకు ఒక పూట పట్టింది. "నేనేం కొలుస్తనే, చెయ్యి చెప్తది" అని ఆమె విసుక్కుంటూనే ఉంది.

వాడు చేసిన అరిసెలు ఎలా ఉన్నాయంటారా? సగం బాగున్నాయి. ఇంకో సగం కాస్త గట్టిపడ్డాయి, దించడంలో ఆలస్యం చేశాడు. బాబాయి ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, ఈసారి బావి గోడ ఊసెత్తకుండా నోట్లో వేసుకున్నాడు. పెద్దమ్మ వెళ్లేటప్పుడు చేతిలో అరిసెలతోపాటు కూలి కూడా పెట్టాం. "ఇదెందుకు బిడ్డా" అని వెనక్కి నెట్టింది. "నేర్పిన ఫీజు" అన్నాడు వాడు. కొంగున ముడేసుకుంది.

మీ ఇంట్లోనూ ఇలాంటి మనిషి ఒకరు ఉండే ఉంటారు. అమ్మమ్మో, నాయనమ్మో, పక్కింటి పెద్దమ్మో. 'ఉంటది గదా' అనుకోకండి. ఈ ఆదివారం ఓ నోట్‌బుక్ తీసుకుని వెళ్లి పక్కన కూర్చోండి. కొలతలు అడిగితే చెప్పలేరు. పొయ్యి ముట్టిస్తే చెబుతారు.